రెండు గంటల మంట

రాత్రి రెండింటికి లేస్తుంది.
గడియారం చూడక్కర్లేదు నాకు.
బొడ్డుకి నాలుగు వేళ్ల పైన
ఎవరో సోల్డరింగ్ కడ్డీ ఆనించి పట్టుకున్నట్టుంటే
రెండయిందన్నమాట.

చందన్‌నగర్‌లో దీపాలల్లేవాణ్ణి.
ఏనుగు తొండమెత్తాలన్నా
జగద్ధాత్రి పూజకి వీధి వీధంతా
ఒక నీలి అలై కదలాలన్నా
ఈ వేళ్లే తీగకి తీగ ముడెయ్యాలి.
ఆశ్వయుజమంతా వంగి కూర్చుంటే
మెడ నాది కానంటుంది.
అప్పుడొక నొప్పి బిళ్ల.
సాయంత్రం మరమరాలూ బజ్జీల మీద ఇంకొకటి.
దాన్నెప్పుడూ మందనుకోలేదు,
పనిముట్ల డబ్బాలో పటకారు పక్కన ఉండేది.

గంగ ఒడ్డున తారాపద బాబు హోమియో గది.
పచ్చి ఉల్లి మానెయ్యి, కర్పూరం దగ్గరికి పోకు, అని
అప్పుడు మొదలుపెట్టేవాడు:
దాహమెలాంటిది? గుక్కలా, గుటకలా?
ఏ పక్కకి ఒత్తిగిలి పడుకుంటావు?
ఎవరి మీద కోపం మింగావు?
కలలొస్తాయా?
నలభై ఆరేళ్లలో నా కల అడిగిన మొదటి మనిషి.
చెప్పాను. వీధి మొత్తం ఆరిపోతుంది,
మాడిన ఆ ఒక్క బల్బు కోసం
నిచ్చెన మీద నేను, కింద జనం.
ఊదారంగు సిరాతో అంతా రాసుకున్నాడు.
ఆవగింజలంత తెల్లటి గుళికలు, నాలుక మీద నాలుగు.

తగ్గిందా అంటే, తగ్గింది.
తనంతట తను తగ్గే రోజులవేమో కూడా.
మళ్లీ వచ్చింది.
"పంచదారకి జీతమిస్తున్నావు" అనేది రేబా.
పొద్దున్నే నాలుక చాపమని తనే పోసేది.

మూడో ఏడు, మాటల్లో మాటగా చెప్పాను,
దొడ్డికి నల్లగా అవుతోంది, తారులా, అని.
కలం ఆగింది.
పెట్టె మూత వేశాడు తారాపద బాబు,
వందల సీసాలు ఒక్కసారి గలగలమన్నాయి.
"బిజన్, ఇది నా పెట్టెలో లేదు."
రిక్షా పిలిచి నా కంటే ముందు తనే ఎక్కాడు,
చుంచుడా పెద్దాసుపత్రి దాకా
కుచ్చిళ్లు గాలికెగురుతున్నా పట్టించుకోకుండా.

ఎన్ని ఏనుగుల కడుపుల్లో బల్బులు పెట్టానో
లెక్క లేదు.
నా కడుపులోకి దీపం దిగడం అదే మొదలు.
నల్లటి గొట్టం, గొంతులో మొద్దుబారిన చేదు.
తెర మీద తడి గులాబీ గోడ,
నడుమ తెల్లటి అంచుతో ఒక గుంట.
తొడుగూడిన తీగలాగుంది,
చూడగానే అర్థమైంది, ఇది నా వృత్తే.

డాక్టర్ శేఫాలీ ముర్ము కలలడగలేదు.
"నొప్పి బిళ్లలు రోజుకెన్ని?"
"రెండు" అన్నాను.
"ఆరు" అంది వెనకనించి రేబా.
తలుపు దగ్గర ముసలాయన తల దించుకున్నాడు:
"కలలన్నీ అడిగాను. పనిముట్ల డబ్బా అడగలేదు."

ఒక క్రిమి కూడా ఉందట, ఏళ్లుగా కాపురం.
పద్నాలుగు రోజులు గుప్పెడేసి బిళ్లలు,
నోరంతా రాగి పైసా నమిలినట్టు.
క్రిమి పోయింది. గుంట పూడింది.
నేను పోలేదు, నా మెడా పోలేదు.

మరుసటేడు పూజకి ఎనిమిది రోజులు.
నెమలి పురి ఇంకా సగమే వెలుగుతోంది.
ఒక్కటేగా, అనుకున్నాను.
అలా మూడు రోజులు.
నాలుగో రాత్రి, రెండింటికి, కడ్డీ ఆనింది.

ముర్మక్క తిట్టలేదు, మళ్లీ రాసింది.
తిట్టి ఉంటే బావుండేది.
ఇప్పుడు మెడకి వేడినీళ్ల సంచి,
నెమలికి పురి అల్లడానికి
పందొమ్మిదేళ్ల కుర్రాడు, చెయ్యి నాకన్నా చురుకు,
అదొక కొత్త మంట.

మంగళవారాలు తారాపద బాబు దగ్గరికి పోతూనే ఉన్నా.
"ఆ డాక్టరమ్మ బిళ్ల పరగడుపునే వేశావా?"
ఔనన్నాకే కాగితం తీస్తాడు, కల అడుగుతాడు.
గుళికలిస్తే ఇస్తాడు, లేకపోతే లేదు.
నేను వెళ్లేది గుళికల కోసం కాదని
ఇద్దరికీ తెలుసు.

నిన్న రాత్రి కూడా రెండింటికి మెలకువ.
మంట లేదు.
ఏదో పారేసుకున్నట్టు
కడుపు మీద చెయ్యేసి వెతుక్కున్నాను కాసేపు.
రేబా నిద్రలోనే అడిగింది:
"ఎన్ని వేసుకున్నావ్?"